మోకు అవతలి బరువు

మార్చి 3, సోమవారం

ఆయన లేకుండా లాంచి తీసిన మొదటి రోజు. ఇంజను మామూలుగానే మోగింది. ఏమీ కాలేదు.

మార్చి 5, బుధవారం

ఇది ఎవరికోసమూ రాస్తున్నది కాదు. పెళ్లయినప్పటి నుంచీ ఒకే లాంచి మీద పనిచేశాం. నేను చుక్కాని దగ్గర, ఆయన ఇంజను దగ్గర. మధ్యలో ఇంజను రొద. పగలంతా ఒకే పడవలో ఉండి కూడా ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అందుకని సాయంత్రానికి మాటలన్నీ పోగుపడేవి. లాంచి కట్టేసి, జెట్టీ మెట్లెక్కి, ఇంటి గుమ్మం చేరేలోపు వాటిని ఖాళీ చేసేవాళ్లం. ఇప్పుడు పోగుపడినవి పోగుపడినట్టే ఉండిపోతున్నాయి. ఎక్కడో ఒకచోట దించాలి కదా.

ఆయన మంచాన్ని రేవు వైపు కిటికీ పక్కకు జరిపాం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట. మూడూ ఒకే పొద్దున పడిపోయాయి. కాలు వస్తుంది, చెయ్యి కొంతవరకు వస్తుంది అని డాక్టరమ్మ చెప్పింది. మూడోదాని గురించి ఆవిడ ఏమన్నదో నాకు సరిగా గుర్తులేదు.

వానలు మొదలయ్యేలోపు ఆయన లాంచి ఎక్కుతారు.

మార్చి 6, గురువారం

కొత్త మెకానిక్ చేరాడు. రేవులో అందరూ అతన్ని నిదానం అంటారు. ఎవరు ఏ పని చేస్తున్నా పక్కన నిలబడి "నిదానం, నిదానం" అంటాడట. తను మాత్రం మెట్లు రెండేసి చొప్పున దిగుతాడు. వచ్చీ రాగానే ఇంజను మూత ఎత్తి లోపలికి తల పెట్టి అలాగే ఉండిపోయాడు. లోపల నూనె మరక లేదు. ప్రతి గొట్టానికీ గుడ్డపీలిక చుట్టి ఉంది, ఒరుసుకోకుండా. చివరికి తల బయటికి తీసి అడిగాడు.

"అక్కా, ఈ ఇంజను చూసుకున్నది ఎవరు?"

"మా ఆయన."

"మిమ్మల్ని కూడా ఇంత బాగా చూసుకుంటారా?"

"ఇంజనంత కాదు," అన్నాను.

ఇద్దరం నవ్వాం. నవ్వినందుకు తర్వాత చాలాసేపు మనసు బాగోలేదు.

మార్చి 11, మంగళవారం

డీజిల్ నిలవడం లేదు.

పొద్దున ట్యాంకు నిండా పోయించుకుని బయల్దేరితే, మందుల పెట్టెలూ టపా సంచులూ నర్సమ్మనూ తీసుకుని నాలుగు దీవులు చుట్టి వచ్చేసరికి మూడో వంతు మిగిలేది. ఇప్పుడు చివరి దీవి నుంచి తిరుగు దారి పట్టేసరికే ముల్లు ఎర్ర గీత మీద ఉంటోంది. నిన్న ఆ గీత కిందికి కూడా దిగింది. నిదానం ఫిల్టర్లు మార్చాడు. గొట్టాలన్నీ వేలితో తడిమి వాసన చూశాడు. లాంచిని ఒడ్డెక్కించి అడుగున పట్టిన నాచూ గవ్వలూ గీకించాం. తేడా లేదు.

"గట్టిగా తోలుతున్నారా అక్కా?"

"గట్టిగానా. సగం వేగం కూడా దాటడం లేదు. ఆయన లేరని జాగ్రత్తగా పోతున్నాను."

"మరి ఎవరు తాగుతున్నట్టు?"

"నాకేం తెలుసు, నువ్వు కాదుగా?"

"నేను మానేశానక్కా," అన్నాడు ముఖం అమాయకంగా పెట్టి.

ఇలాగే ఉంటే చివరి దీవిని మా చుట్టు నుంచి తీసేస్తానని రేవు ఆఫీసు పెద్దాయన అన్నాడు. దారి మధ్యలో లాంచి ఆగిపోతే ఎవరు జవాబు చెబుతారు అని. పెద్దాయన మాటలో తప్పు లేదు. కానీ ఆ దీవిలో బడి టీచరమ్మ ఇన్సులిన్ కోసం జెట్టీ చివర నిలబడి ఉంటుంది. ఎండైనా వానైనా మా లాంచి ముక్కు కనపడగానే గొడుగు ఊపుతుంది.

ఇంకా జాగ్రత్తగా పోవాలి. ఇంకొంచెం వేగం తగ్గిస్తాను.

మార్చి 12, బుధవారం

ఆయన ఇవాళ మాట్లాడారు. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే "వచ్చావా" అన్నారు. స్పష్టంగా కాదు. వ, వ అని మొదలై ఆగిపోయింది. కానీ అదే మాట. అత్తయ్య పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది, ఆవిడకు వినపడలేదు. ఈ మధ్య ఆవిడకు చెవులు మందగించాయి.

వచ్చావా అన్నారు.

మార్చి 14, శుక్రవారం

డీజిల్ మళ్లీ అంతే.

మార్చి 17, సోమవారం

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి ఆయన ఎడమచేత్తో మంచం పట్టె మీద కొడుతున్నారు. ముఖం ఎర్రబడింది. నీళ్లు ఇచ్చాను, గ్లాసు పక్కకు నెట్టేశారు. దిండు సరిచేస్తే తల విదిలించారు. ఎడమ అరచేతిని గాల్లో ఏటవాలుగా పెట్టి, వేళ్లు ఆకాశంలోకి చూసేటట్టు పట్టుకుని, గొంతులోంచి "వో... వో..." అన్నారు. ఎవరో బరువు మోస్తూ మెట్లెక్కుతున్నట్టుంది ఆ శబ్దం. తర్వాత నా మణికట్టు పట్టుకుని నా అరచేతిని బల్లపరుపుగా తిప్పారు. "ఈ..." అని సన్నగా, పొడుగ్గా తీశారు.

మళ్లీ చెయ్యి ఏటవాలు. వో, వో.

మళ్లీ నా చెయ్యి సమంగా. ఈ.

"నొప్పి పుడుతోందా? కుడి చెయ్యా?" అని అడిగాను.

ఆయన కళ్లు మూసుకున్నారు. విసిగిపోయినప్పుడు అలా మూసుకునేవారు, ముందు కూడా.

"వాడికి నొప్పీ లేదు గిప్పీ లేదు. నీకేదో చెబుతున్నాడు. ఐదారు రోజుల నుంచీ నువ్వు వచ్చే వేళకి ఇదే వరస," అంది అత్తయ్య వంటగదిలోంచి.

"మీకు వినపడుతోందా?"

"నాకా? చీమ నడిచినా వినపడుతుంది."

మార్చి 20, గురువారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పొద్దున సముద్రం గాజుపలకలా ఉంది. రెండో దీవి దాటి మూడోదానికి పోతున్నాం. ఎప్పటిలా సగం వేగం. ఎదర ఏముందో చూడటానికి మునివేళ్ల మీద నిలబడ్డాను. లాంచి ముక్కు పైకి లేచి ఉంది కాబట్టి. ఈ నెలంతా అలా మునివేళ్ల మీద నిలబడే తోలుతున్నాను. పిక్కలు నొప్పి పుడుతున్నాయని అత్తయ్య చేత నూనె కూడా రాయించుకున్నాను. ముక్కు ఎందుకు పైకి ఉందని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

ఆయన అరచెయ్యి గుర్తొచ్చింది.

అప్పుడు ఇంజను విన్నాను. వో, వో, వో అంటోంది. అచ్చు ఆయన అన్నట్టే. ఆయన గొంతులోంచి వచ్చింది మాట కాదు, మూలుగూ కాదు. మా ఇంజను.

వెనక్కి తిరిగి చూశాను. లాంచి వెనక నీళ్లు పెద్ద గొయ్యిలా దిగబడి ఉన్నాయి. ముందు ముక్కు కింద నీళ్లు గుట్టలా లేచి ఉన్నాయి. మేము గొయ్యిలోంచి గుట్ట ఎక్కుతున్నాం. ఎంత ఎక్కినా ఆ గుట్ట తరగదు, మాతోనే నడుస్తుంది. దాన్ని చేస్తున్నది మేమే కదా.

"నిదానం, ఏదైనా గట్టిగా పట్టుకో," అని లివర్ ముందుకు తోశాను.

ముందు ఏమీ జరగలేదు. మూలుగు పెరిగింది. ముక్కు ఇంకా లేచి ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. భయమేసి చెయ్యి వెనక్కి రాబోయింది. అంతలో కింద ఏదో వదిలేసినట్టయింది. ముక్కు మెత్తగా కిందికి వాలింది. ఎదురుగా సముద్రం మొత్తం ఒక్కసారి కనపడింది, మూడో దీవి, దాని వెనక నాలుగోది, అంచు దాకా అంతా. ఇంజను మూలుగు ఆగి సన్నటి, పొడుగాటి శబ్దం అయింది. ఈ... అని.

డాష్‌బోర్డు మీద లోడు చూపించే ముల్లు కొండ దిగిన మనిషిలా కిందికి వచ్చింది. నేను లివర్ ముట్టుకోలేదు. అయినా వేగం పెరుగుతోంది. లాంచి నీళ్లలో లేదు, నీళ్ల మీద ఉంది. ఎన్నో ఏళ్లుగా రోజూ చూసినదే ఇది. ఆయన ఉన్నప్పుడు ఇలాగే తోలేదాన్ని. అయినా ఇవాళే కొత్తగా చూసినట్టుంది. ఇన్ని టన్నుల ఇనుమునూ కర్రనూ మనుషులనూ నీళ్లు ఇలా అరచేతి మీద ఎత్తుకుంటాయని నాకు ముందే తెలుసు. తెలియడం వేరు, చూడటం వేరు.

నిదానం మీటర్ల మీదికి వంగి లెక్కలు వేసుకుంటూ పెదాలు కదిపాడు.

"గంటకు తాగేది కాస్త ఎక్కువేనక్కా. కానీ గంట దారి అరగంటలో పోతున్నాం. మీరిన్నాళ్లూ జాగ్రత్త జాగ్రత్త అని దాని చేత రోజంతా కొండ ఎక్కించారు."

"మెల్లగా పోతే తక్కువ తాగుతుందనుకున్నాను."

"మెల్లగా అంటే బాతులా పోవాలి. అప్పుడు నిజంగానే తక్కువ తాగుతుంది. లేదంటే ఇలా ఎగరాలి. మీరు బాతూ కాదు, పిట్టా కాదు."

సాయంత్రం ట్యాంకులో మూడో వంతు మిగిలింది. లాంచి కట్టకుండానే ఇంటివైపు చూశాను. కిటికీ తలుపులు వేసే ఉన్నాయి. మూసిన కిటికీ వెనక, కదల్లేని మనిషి. మేము రేవులోకి వచ్చే ఆ కాస్త దూరంలో వినపడే చప్పుడు. దాన్ని బట్టి పడవ ముక్కు ఎంత ఎత్తున ఉందో ఆయనకు తెలిసిపోయింది. నాకు నా కాళ్ల కింద ఉండి కూడా తెలియలేదు.

ఇంటికి వెళ్లి అరచెయ్యి సమంగా పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు దాన్నే చూశారు. తర్వాత దాన్ని తన చెంప కింద పెట్టుకుని పడుకున్నారు. చెయ్యి తిమ్మిరెక్కేదాకా తియ్యలేదు నేను.

మార్చి 24, సోమవారం

పెద్దాయన పిలిచాడు. జెట్టీ మీద టికెట్ల గదిలో ఉద్యోగం ఖాళీగా ఉందట. "ఇల్లు ఎదురుగానే కదమ్మా. మధ్యలో నాలుగుసార్లు వెళ్లి ఆయన్ని చూసుకోవచ్చు. లాంచికి ఇంకొకరిని చూస్తాను. నెలాఖరుకల్లా చెప్పండి," అన్నాడు. మంచికే అన్నాడు.

అత్తయ్యకు చెప్పాను.

"నీ ఇష్టం. కానీ ఒక మాట. నేనుండగా నువ్వు వచ్చి నాలుగుసార్లు వాడి మొహం చూస్తే వాడికి ఒరిగేదేమిటి? నీకు తోచక నా వంటలో వేలు పెడతావు," అంది.

మార్చి 25, మంగళవారం

పెద్దాయనకు ఇంకా చెప్పలేదు.

పన్నెండో తేదీన ఆయన "వచ్చావా" అన్నారని రాశాను. అనలేదు. డాక్టరమ్మ ఆ మొదటి రోజే చెప్పింది. మాట రాకపోవచ్చమ్మా, ఆశ పెట్టుకోవద్దు అని. నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పింది. గుర్తుంది.

మార్చి 29, శనివారం

వచ్చీ రాగానే రాస్తున్నాను. అక్షరాలు ఎలా వస్తే అలా.

శనివారం. వారం వారం ఆయనకు కాళ్లూ చేతులూ ఆడించే వైద్యం అవతలి పట్నంలో. అత్తయ్య ఫెర్రీలో తీసుకెళ్లి తీసుకొస్తుంది.

మూడు దీవులు ముగించి నాలుగోదానికి పోతున్నాం. ట్యాంకు సగానికి కిందకు వచ్చింది. గాలి బొత్తిగా లేదు. ఇరుకు బయట, కొంచెం దూరంలో ఉన్నాం. మా రేవులోకి రావాలంటే రెండు కొండల మధ్య సన్నటి సందులోంచి రావాలి, దాన్నే అందరం ఇరుకు అంటాం. ఆటు వేళ లోపలి నీళ్లన్నీ ఆ సందులోంచే సముద్రంలోకి పోతాయి. బయట దక్షిణం పక్కన మునిగీ మునగని రాళ్లు.

రేడియోలో ఫెర్రీ కెప్టెన్ గొంతు. "చెల్లెమ్మా, ఎక్కడున్నావు?"

చెప్పాను.

"ఇరుకులో ఇంజను చచ్చిపోయింది. ఆటు బయటికి లాగేస్తోంది. లంగరు రాతి మీద జారుతోంది, పట్టడం లేదు. లాగడానికి పెద్ద టగ్గు వచ్చేసరికి రెండు గంటలంటున్నారు. నీకంటే దగ్గర్లో ఎవరూ లేరు."

"ఎంతమంది?"

"అరవై పైనే. మీవాళ్లు కూడా."

నాకు తెలుసు. శనివారం కదా.

మేము చేరేసరికి ఫెర్రీ ఇరుకు నోట్లోంచి వెనక్కి వస్తోంది. చప్పుడు లేకుండా. అంత పెద్ద ఓడ చప్పుడు లేకుండా కదలడం ఎప్పుడూ చూడలేదు. దాని వెనక రాళ్ల మీద నీళ్లు తెల్లగా విరుగుతున్నాయి. దాని ముక్కు దగ్గరికి పోయాను. పైనుంచి మోకు విసిరారు. నిదానం దాన్ని మా లాంచి మధ్యలో ఉన్న ఇనుప గుంజకు చుట్టాడు. రైలింగు దగ్గర మనుషులు ఆనుకుని ఉన్నారు. నేను పైకి చూడలేదు.

ఇరుకు వైపు తిప్పి లివర్ మొత్తం తోశాను.

మోకు నీళ్లలోంచి లేచి, బిగిసి, పిండినట్టు నీళ్లు కార్చింది. ఇంజను గొంతు మారిపోయింది. అది మూలుగు కూడా కాదు. అడుగున నీళ్లలో తిరిగే మా పంకా పరుగు కోసం బిగించింది, ఇంత బరువు లాగడానికి కాదు. లోడు ముల్లు చివరికంటా పోయి అక్కడే ఆగింది. ఇంజను తిరగాల్సినంత తిరగడం లేదు. నల్లటి పొగ. డీజిల్ మీటరు చూపిస్తున్న అంకె నేను ఏ రోజూ చూసింది కాదు. ఎంత వేగంగా పోయిన రోజు కూడా ఇంత తాగలేదు. ఇప్పుడు మేము కదలడమే లేదు.

కొండ మీద దీపస్తంభానికీ దాని వెనక ఎర్రకప్పు ఇంటికీ మధ్య సందు చూస్తున్నాను. ముందుకు పోతుంటే ఆ సందు పెరగాలి. తగ్గుతోంది. ఇంత లాగినా వెనక్కే పోతున్నాం.

"అక్కా." నిదానం నా పక్కకు వచ్చాడు. ఎన్నడూ లేనిది మెల్లగా వచ్చాడు. "వేడి ఎక్కుతోంది. ఇంకాసేపు ఇలా లాగితే మాడిపోతుంది. మాడకపోయినా ట్యాంకు ఖాళీ అవుతుంది."

"వదిలెయ్యమంటావా?"

"అలా అనలేదు. ఇలా వద్దంటున్నాను."

నీళ్లకేసి చూశాను. ఫెర్రీ పక్కన ఒక చెక్క ముక్క తేలుతోంది. ఫెర్రీ దాన్ని దాటడం లేదు, అది ఫెర్రీని దాటడం లేదు. రెండూ పక్కపక్కనే పోతున్నాయి, మాటలాడుకుంటూ నడిచే మనుషుల్లా.

అప్పుడు తెలిసింది. ఫెర్రీ ఎక్కడికీ పోవడం లేదు. నీళ్ల మీద కదలకుండా నిలబడి ఉంది. పోతున్నది నీళ్లు. నేను లాగుతున్నది ఫెర్రీని కాదు, ఇరుకులోంచి దిగిపోతున్న సముద్రం మొత్తాన్ని. దాన్ని లాగడానికి నేనెవరిని?

లివర్ వెనక్కి తీశాను.

రేడియోలో కెప్టెన్ గొంతు. "ఎందుకు తగ్గించావు? చెల్లెమ్మా, ఎందుకు తగ్గించావు?"

ఫెర్రీ మీద నుంచి అరుపులు. వదిలేసి పోతున్నాననుకున్నారు. వాళ్ల చోట ఉంటే నేనూ అలాగే అనుకునేదాన్ని.

"అన్నా, లంగరు ఎత్తెయ్యండి. బయటికి పోనిద్దాం. ఎదురు లాగను. పక్కకు లాగుతాను, ఉత్తరం వైపు. రాళ్లను తప్పిస్తే చాలు, అవతల అంతా ఖాళీ సముద్రమే."

  తర్వాత లంగరు గొలుసు చప్పుడు వినపడింది.

ఉత్తరానికి తిప్పాను. లివర్ కాస్తే ముందుకు. పావు వంతు కూడా కాదు. మోకు మళ్లీ లేచింది, ఈసారి నీళ్లు కార్చలేదు. ఇంజను నెమ్మదిగా, ఊపిరి పీల్చుకుంటున్నట్టు తిరుగుతోంది. రాళ్ల వైపే పోతున్నాం ఇద్దరం, లాంచీ, ఫెర్రీ, నీళ్లు ఎటు తీసుకెళితే అటు. అయినా లివర్ తొయ్యకూడదు. చెయ్యి దానంతటది తొయ్యబోయింది. రెండో చేత్తో పట్టుకున్నాను.

ఫెర్రీ ముక్కు తిరిగింది. ఒక వేలు తిరిగినంత. తర్వాత ఇంకొంచెం. తర్వాత ఓడ ఓడంతా పక్కకు జరగడం మొదలుపెట్టింది. నాకు నమ్మకం కలగలేదు. అంత ఇనుము, అరవై మంది, వాళ్ల మూటలు. మా ఇంజను టీ నీళ్లు కాచినంత మంటతో తిరుగుతోంది, అయినా ఓడ జరుగుతోంది. నీళ్లకు అడ్డం తిరగనంతసేపూ నీళ్లు దాన్ని బరువుగా లెక్కపెట్టడం లేదు.

తెల్లటి నురుగు దగ్గరికి వచ్చింది. రాళ్ల మీద నాచు కనపడింది, నాచు మీద పాకుతున్న పీత కూడా. ఫెర్రీ వెనక భాగానికీ మొదటి రాయికీ మధ్య మా లాంచి పట్టేంత సందు. ఆ సందులోంచి నీళ్లు గలగలా పోయాయి.

తర్వాత రాళ్లు వెనక్కి వెళ్లిపోయాయి.

నిదానం నేల మీద కూర్చుండిపోయాడు.  

ఆటు తగ్గేదాకా అక్కడే తేలుతూ ఉన్నాం. ఒక వేళకు నీళ్లు ఎటూ పోకుండా ఆగాయి. సముద్రం ఏదో మరిచిపోయినట్టు నిలబడింది. ముక్కు ఇరుకు వైపు తిప్పి, మనిషి నడిచినంత వేగంతో బయల్దేరాను. మోకు మధ్యలో వంగి నీళ్లను తాకుతోంది, బిగియడం లేదు. వెనక అంత ఓడ వస్తోందని తిరిగి చూస్తే తప్ప తెలియదు. డీజిల్ మీటరు దాదాపు నిద్రపోతోంది. ఇరుకులోకి వచ్చేసరికి పోటు మొదలైంది. ఇందాక మా మీద పడి బయటికి ఈడ్చిన నీళ్లే వెనక నుంచి నెట్టి ఇంటికి తీసుకొచ్చాయి.

టగ్గు జెట్టీ దగ్గర ఎదురొచ్చింది. దాని కెప్టెన్ మా లాంచినీ ఫెర్రీనీ మార్చి మార్చి చూసి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

మా ఆయన్ని ఫెర్రీలోంచి ఇద్దరు పట్టుకుని దించారు. నా దగ్గరికి వచ్చి ఎడమచేత్తో నా తల పట్టుకుని, నుదురు నా నుదుటికి ఆనించి నిలబడ్డారు. అంతే. అత్తయ్య మందుల సంచి వెతుక్కుంటోంది.

మార్చి 30, ఆదివారం

అత్తయ్య చెప్పింది. అన్నం కలుపుతూ, వేరే ఊసు చెబుతున్నట్టు చెప్పింది.

"నువ్వు గట్టిగా లాగుతున్నంతసేపూ వాడు చెవి మూసుకున్నాడే. నువ్వు తగ్గించావు చూడు, అప్పుడు జనం గోలెత్తారు. ఒకావిడ నిన్ను తిట్టింది కూడా, నేను జవాబు చెప్పాననుకో. వీడు కర్ర పట్టుకుని లేచాడు. నేను వద్దంటున్నా వినడే. ముక్కు దాకా పోయి, ఆ మోకు చుట్టి ఉందే, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నవ్వాడమ్మా. ఆ పొద్దు నుంచీ నవ్వలేదు వాడు. కట్టుకున్నదాన్ని చూసి కాదు, ఇంజను విని నవ్వాడు."

"జనం?"

"ఆ రాళ్లు మీదికొస్తుంటే ఒక మనిషి మోకు మీద చెయ్యి వేసి నవ్వుతుంటే ఎవరికైనా ఏడుపు ఆగదూ? తిట్టినావిడ కూడా వచ్చి పక్కన నిలబడింది."

తర్వాత ఆవిడ కలిపిన ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

"వాడికి మాట రాదు కదూ," అంది.

"రాదత్తయ్యా."

"సరే," అంది. నా పళ్లెంలో ఇంకొంచెం వడ్డించింది.

మార్చి 31, సోమవారం

లాంచి వదలనని పెద్దాయనకు చెప్పాను. అతను టికెట్ల గది సంగతి మళ్లీ ఎత్తలేదు. చివరి దీవి కూడా మా చుట్టులోనే ఉంటుంది.

ఏప్రిల్ 2, బుధవారం

ఫెర్రీ ఇంజను బాగైంది. పొద్దున మళ్లీ బయల్దేరబోతోందని కెప్టెన్ కబురు పంపాడు, ఇద్దరినీ రమ్మని. ఆయన కర్రతో నడిచారు. మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. నేను పట్టుకోబోతే మోచెయ్యి విదిలించారు. సరే అని వెనక నడిచాను.

జెట్టీ దగ్గర నీళ్లు కదలడం లేదు. తాళ్లు విప్పేశారు. ఇద్దరు కలాసీలు జెట్టీ గోడ మీద నిలబడి ఓడ పక్కకు భుజాలు ఆనించి నెడుతున్నారు. ఇంజను పెట్టేముందు ఓడను గోడకు కాస్త దూరం జరపాలి కదా. రోజూ చేసే పనే. రోజూ అటు మీదుగానే పోతాను, ఎప్పుడూ ఆగి చూడలేదు.

ఆయన కర్ర నా చేతికి ఇచ్చారు. వెళ్లి వాళ్ల పక్కన నిలబడి ఎడమ అరచెయ్యి ఓడ మీద పెట్టారు. కలాసీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, భుజాలు తీసి పక్కకు జరిగారు.

ఒక్క చెయ్యి. కాళ్లలో ఒకటి సరిగా నిలబడదు. ఆయన నెట్టలేదు. ఊరికే ఆనుకున్నారు, అలిసిన మనిషి తలుపుకు ఆనుకున్నట్టు. అలాగే ఉన్నారు. ఏమీ కాలేదు. పైనుంచి కెప్టెన్ చూస్తున్నాడు, ఎవరూ తొందర పెట్టలేదు. నిదానం కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

గోడకీ ఓడకీ మధ్య నల్లటి గీతలా నీళ్లు కనపడ్డాయి.

గీత వేలెడయింది. బెత్తెడయింది. అరవై మందిని మోసే ఓడ ఆయన చేతి కిందనుంచి, చప్పుడు లేకుండా, తొందర లేకుండా జరిగిపోతోంది. ఆయన దానితో పాటు ముందుకు వంగుతూ పోయారు, వంగి వంగి గోడ చివరికి వచ్చేశారు. నేను పరిగెత్తి వెళ్లి నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నాను.

ఓడ దూరమైంది. ఆయన చెయ్యి మాత్రం ఇంకా చాచే ఉంది.

నేను వదల్లేదు. ఆయన బరువంతా నా మీద ఉంది. మొయ్యగలిగిన బరువే.